గుర్రాన్ని చదివిన రైతు

ఈసీఐఎల్ చౌరస్తాలో బస్సెక్కి మౌలాలి మీదుగా సికింద్రాబాద్ వెళ్లే కాప్రా, కుషాయిగూడ విద్యార్థుల్లో ఎంతమందికి తెలుసో గానీ, ఒకప్పుడు హైదరాబాద్ గుర్రపు పందేలు మీరు రోజూ వెళ్లే దారిలోనే జరిగేవి. నిజాం కాలంలో రేసులంటే మౌలాలి. 1886లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వాటిని తన మహబూబ్ మాన్షన్‌కు దగ్గరగా ఉంటాయని మలక్‌పేటకు మార్పించారు. ఇప్పుడు మౌలాలిలో రైళ్ల చప్పుడే తప్ప డెక్కల చప్పుడు లేదు.

మలక్‌పేటలో మీరు చూసేది చదును నేల మీది పందెం. అక్కడ గుర్రం రెండేళ్ల వయసుకే ట్రాక్ ఎక్కుతుంది. మూడేళ్లకు దాని సంగతి దాదాపు తేలిపోతుంది. ఐర్లండ్, ఇంగ్లండ్‌లలో ఇంకో రకం పందెం ఉంది. నాలుగున్నర అడుగుల కంచెలు దూకుతూ, గుంటలు దాటుతూ, బురదలో మూడు మైళ్లు, కొన్నిచోట్ల నాలుగు మైళ్లు పరిగెత్తాలి. ఆ పందేనికి గుర్రాన్ని మూడేళ్ల వయసులో, వీపు మీద జీను కూడా పడకముందు కొంటారు. అది పూర్తి సత్తా చూపేది ఎనిమిది, తొమ్మిదేళ్లు వచ్చాక. మధ్యలో ఐదారేళ్లు. ఈ ఎముకల గూడు రేపు ఏమవుతుందో ఆ ఐదారేళ్లూ ఎవరో ఒకరు చూస్తూ, అంచనా వేస్తూ, తప్పయితే దిద్దుకుంటూ ఉండాలి.

పందెం కాయడం గురించి చెప్పబోతున్నానని అనుకోకండి. ఆ దారిలో ఇళ్లు కట్టినవాళ్లకంటే అమ్ముకున్నవాళ్లే ఎక్కువ. చెప్పేది ఆ అంచనా వేసే మనిషి గురించి. క్యాంపస్ ఇంటర్వ్యూలో మీ ఎదుట కూర్చున్నవాళ్లు ఇరవై నిమిషాల్లో చేసే పనిని ఆయన ఒక్కో గుర్రం విషయంలో ఏళ్ల తరబడి చేశాడు. పేరు టామ్ డ్రేపర్. ఐర్లండ్‌లో గుర్రాల సంగతి తెలిసిన ఏ ఇంట్లో అడిగినా చెబుతారు.

డ్రేపర్ 1898లో పుట్టాడు. డబ్లిన్ నగరానికి ఉత్తరాన కిల్సలఘన్ దగ్గర గ్రీనోగ్ అనే పొలం ఆయనది. మన లెక్కలో చెప్పాలంటే కాప్రా దాటి కీసర వైపు వెళ్తే వచ్చే పల్లెలాంటిది. నగరం దగ్గరే, కానీ నగరం కాదు. ఆయన పుట్టుకతో రైతు. పశువులు కొనడం, మేపడం, అమ్మడం బతుకుదెరువు. గుర్రపు స్వారీ మొదట సరదా. జీతం లేని అమెచ్యూర్ రైడర్‌గా ఊళ్ల మధ్య జరిగే పందేల్లో పాల్గొనేవాడు. గుర్రాల శిక్షణకు ఆయన ఏ కోర్సూ చేయలేదు. అప్పట్లో అలాంటి కోర్సులూ లేవనుకోండి.

పశువుల రైతు కావడమే ఆయనకు అసలు చదువని నాకు అనిపిస్తుంది. సంతలో మంచి కాపు ఎద్దును ఎలా చూస్తాడో మీ తాతను అడగండి. ఈరోజు డొక్కలు కనిపిస్తున్న కోడెను కొంటాడు. రెండు వానాకాలాలు గడ్డి తిన్నాక అదెలా ఉంటుందో ఆయన కళ్లకు ముందే కనబడుతుంది. మూపురం ఎక్కడ లేస్తుంది, కాళ్లు బరువు మోస్తాయా, గుండె దగ్గర లోతు ఉందా అని చూస్తాడు. కొవ్వు, మెరుపు చూసి మోసపోడు, ఎందుకంటే అవి దాణాతో వచ్చేవి. ఎముక, కీళ్లు, ఊపిరి పట్టే చోటు మాత్రం దాణాతో రావు. కంచెల పందేనికి గుర్రాన్ని చూసే పద్ధతి కూడా సరిగ్గా ఇదే.

1930లలో డ్రేపర్ లైసెన్సు తీసుకుని ఇతరుల గుర్రాలకు శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టాడు. పెద్ద శాల కాదు. ఇంగ్లండ్‌లో పిండి మిల్లుల యజమాని జె.వి. ర్యాంక్ తన గుర్రాలు కొన్ని ఆయన దగ్గరికి పంపాడు. అందులో ఒకటి ప్రిన్స్ రీజెంట్. 1935లో పుట్టింది. 1942లో ఐరిష్ గ్రాండ్ నేషనల్ గెలిచింది. ఆనాటికి దానికి ఏడేళ్లు. మంచి వయసు అప్పుడే మొదలవుతోంది. సరిగ్గా ఆ ఏళ్లలోనే రెండో ప్రపంచ యుద్ధం. సముద్రం దాటి ఇంగ్లండ్ వెళ్లి పెద్ద పందెంలో నిలబెట్టే వీల్లేదు. ఈ రకం పందేల్లో కిరీటం లాంటి చెల్టెన్‌హామ్ గోల్డ్ కప్ 1943, 1944లలో అసలు జరగనే లేదు. ప్రిన్స్ రీజెంట్ ఐర్లండ్‌లోనే, తనకు సాటి రాని గుర్రాలతో, మోయలేనంత బరువు మోస్తూ పరిగెత్తి వయసు కరిగించుకుంది.

ఈ బరువు సంగతి కొంచెం చెప్పాలి, ముందు ముందు అవసరం. హ్యాండిక్యాప్ పందెంలో మంచి గుర్రం వీపు మీద జీను కింద సీసపు పలకలు పెట్టి ఎక్కువ బరువు మోయిస్తారు. బలహీనమైనదానికి తక్కువ. అందరూ గీత దగ్గరికి ఒకేసారి రావాలన్నది లెక్క. అంటే అక్కడ మీరెంత మంచివారో చెప్పేది మీ మెడలో పతకం కాదు, మీ వీపు మీద పెట్టిన బరువు. ఆఫీసుల్లో బాగా పనిచేసేవాడి బల్ల మీదే ఫైళ్లు పేరుకుపోవడం మీరు ఉద్యోగంలో చేరాక ఎలాగూ చూస్తారు.

యుద్ధం ముగిసి, 1946లో ప్రిన్స్ రీజెంట్ చెల్టెన్‌హామ్ గోల్డ్ కప్ గెలిచింది. అప్పటికి పదకొండేళ్లు. అదే ఏడాది లివర్‌పూల్‌లో గ్రాండ్ నేషనల్‌లో, దాదాపు ఏడు కిలోమీటర్లు, 30 కంచెలు, వీపు మీద 78 కిలోలు, చివరిదాకా ముందుండి మూడో స్థానంలోకి జారింది. ఆ గుర్రం ఐదేళ్ల ముందు అక్కడికి వెళ్లగలిగి ఉంటే ఏమయ్యేదో డ్రేపర్‌కు తెలుసు. లోకానికి తెలియదు. రికార్డు పుస్తకంలో ఉండేది గెలిచిన పందేలే, గెలవగలిగి ఉండినవి కావు. ఆ తర్వాత దాదాపు ఇరవై ఏళ్లపాటు ఏ కొత్త గుర్రం వచ్చినా డ్రేపర్ కొలబద్ద ప్రిన్స్ రీజెంట్. ఎంత గెలిచినా దానితో పోల్చి ఇంకా తక్కువే అనేవాడు.

ఇప్పుడు 1960 ఆగస్టుకు రండి. డబ్లిన్‌లో గాఫ్స్ వేలంలో మూడేళ్ల గుర్రం ఒకటి 1,150 గినీలకు అమ్ముడుపోయింది. గినీ అంటే పౌండు మీద ఒక షిల్లింగు ఎక్కువ. చౌక కాదు, అలాగని ఎవరూ నోరు తెరిచే ధరా కాదు. కొన్నది వెస్ట్‌మిన్‌స్టర్ డచెస్ యాన్. స్కాట్లండ్‌లోని తన ఎస్టేటు దగ్గర ఉన్న కొండ పేరు పెట్టింది, ఆర్కిల్ అని. శిక్షణకు డ్రేపర్ దగ్గరికి పంపింది.

పుట్టుక చూస్తే తండ్రి ఆర్కైవ్ పెద్ద వంశంలోదే, కానీ పందేల్లో రాణించలేదు. దాని దగ్గరికి ఆడగుర్రాన్ని తీసుకెళ్తే ఇచ్చుకోవాల్సింది 48 గినీలు మాత్రమే. ఇక తల్లి బ్రైట్ చెర్రీ. దాన్ని తయారుచేసింది స్వయంగా డ్రేపరే. చురుకైన గుర్రం, కొన్ని కంచెల పందేలు గెలిచింది, కానీ దూరం పెరిగితే బలం చాలేది కాదని పేరు. చెట్టు పేరు చెప్పి కాయలు అమ్మేవాళ్లకు ఇక్కడ పెద్దగా సరుకు లేదు. రూపం కూడా అంతంతే. సన్నగా, పొడుగ్గా, ఇంకా కండ పట్టని పిల్ల. వెనక కాళ్లు వెడంగా పడేవి, నడక చూస్తే నవ్వొచ్చేది. డ్రేపర్ శాలలో ప్రధాన జాకీ ప్యాట్ టాఫ్ కూడా మొదట్లో దాన్ని చూసి పెద్ద ఆశ పెట్టుకోలేదు.

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని మనవాళ్లు అంటారు. కొన్ని పూలకు నిజమే. ఈ పువ్వు పరిమళించడానికి నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లలో డ్రేపర్ ఏం చేశాడన్నదే మీరు చూడాల్సింది.

మొదట, ఏమీ చేయలేదు. అంటే గడ్డి, దాణా, నెమ్మదిగా నడిపించడం, జీను అలవాటు చేయడం. కంచెల గుర్రాల్లో తొందరపెడితే పోయేది ముందుగా కాళ్లే. మోకాలి కింద వెనక ఉండే నరం తెగిందంటే ఏడాది పోయినట్టే, ఒక్కోసారి జీవితమే. డ్రేపర్ గుర్రాలను ఇంటి దగ్గర మరీ ఎక్కువ దూరం పరిగెత్తించేవాడు కాదు. ఇతర శిక్షకులతో పోలిస్తే ఆయన గుర్రాల పరుగు తక్కువ, దూకుడు సాధన ఎక్కువ. కంచె ముందు అడుగు ఎక్కడ వేయాలో గుర్రం తనంతట తాను నేర్చుకోవాలన్నది ఆయన పద్ధతి. పరుగు పందెంలో ఎలాగూ వస్తుంది. కంచె దగ్గర తడబడే అలవాటు ఒకసారి అంటుకుంటే పోదు.

తర్వాత మెట్లు ఎక్కించడం. ఐర్లండ్‌లో కంచెల పందేలకు సిద్ధమయ్యే గుర్రం మొదట కంచెలే లేని పందెంలో పరిగెడుతుంది, అమెచ్యూర్ రైడర్లతో. మన భాషలో ఇంటర్న్‌షిప్ అనుకోండి. అక్కడ చూసేది గెలుపు కాదు. జనం, అరుపులు, పక్కన పది గుర్రాలు, ఆ గోలలో ఇది బెదురుతుందా, కుదురుగా ఉంటుందా అన్నది. అది అయ్యాక హర్డిల్స్, తేలిగ్గా కదిలే చిన్న అడ్డంకులు. ఆ తర్వాతే అసలు కంచెలు. ఒక్కో మెట్టు దగ్గర డ్రేపర్ ఒక్కో ప్రశ్న అడుగుతున్నాడు. పాత ప్రశ్నకు జవాబు రాకుండా కొత్త ప్రశ్న వేయడం లేదు.

1961 డిసెంబరులో ముల్లింగార్‌లో ఆర్కిల్ మొదటి పందెం. మూడో స్థానం. అదే నెలలో లెపర్డ్స్‌టౌన్‌లో రెండోది. నాలుగో స్థానం. రెజ్యూమేలో రాసుకోవడానికి ఏమీ లేదు. 1962 జనవరిలో నావన్‌లో మూడు మైళ్ల హర్డిల్ పందెం, నేలంతా బురద. డ్రేపర్ ఆ పందెంలో రెండు గుర్రాలను దింపాడు. శాల ఆశలన్నీ కెర్ఫోరో అనే ఆడగుర్రం మీద. ప్యాట్ టాఫ్ ఎక్కింది దాన్నే. ఆర్కిల్ మీద రెండో వరస జాకీ లియామ్ మెక్‌లాక్లిన్. బుకీలు ఆర్కిల్‌కు ఇచ్చిన ధర 20కి 1, అంటే గెలుస్తుందని ఎవరికీ నమ్మకం లేదు. గెలిచింది ఆర్కిల్. దూరం పెరిగితే బలం చాలదనుకున్న తల్లి కొడుకు, మూడు మైళ్ల బురదలో అందర్నీ దాటేసి వచ్చాడు.

ఇక్కడ కాసేపు ఆగాలి. గొప్పవాళ్ల కథలు రాసేటప్పుడు గురువు మొదటి చూపులోనే శిష్యుణ్ని గుర్తుపట్టాడని రాయడం మనకు అలవాటు. డ్రేపర్ గుర్తుపట్టలేదు. సొంత శాలలో, రోజూ తన కళ్ల ముందే తిరిగే రెండు గుర్రాల్లో ఏది మెరుగన్నది ఆ రోజు ఆయన తప్పుగా లెక్కవేశాడు. కెర్ఫోరోను ఎంచుకోవడం తెలివితక్కువ పనీ కాదు. అదే ఏడాది ఐరిష్ గ్రాండ్ నేషనల్ గెలిచింది ఆ కెర్ఫోరోనే. అంటే ఆయన మంచి గుర్రాన్ని మంచిదనే అన్నాడు. దాని పక్కన ఉన్నది ఇంకా మంచిదని ఆ రోజుదాకా తెలియలేదు. డ్రేపర్ గొప్పతనం నాకు ఆ పందేనికి ముందు కాదు, తర్వాత కనిపిస్తుంది. మాట పోతుందని ఆయన పాత అంచనాను పట్టుకుని వేలాడలేదు. ఒక్క గెలుపు చూసి ఎగిరి గంతేసి మరుసటి వారమే పెద్ద పందెంలోకి తోయనూ లేదు. ఆర్కిల్ నెమ్మదిగా మెట్లు ఎక్కుతూనే ఉంది.

1962 నవంబరులో చెల్టెన్‌హామ్‌లో దాని మొదటి కంచెల పందెం. 20 గుర్రాల నిడివి తేడాతో గెలిచింది. అప్పుడు తెలిసింది లోకానికి.

అయితే లోకం అప్పటికే ఇంకొకరిని నెత్తిన పెట్టుకుంది. మిల్ హౌస్ అనే భారీ గుర్రం. అదీ ఐర్లండ్‌లోనే, అదీ 1957లోనే పుట్టింది, అంటే ఆర్కిల్ బ్యాచ్‌మేట్. చిన్నప్పుడు ప్యాట్ టాఫ్ దాని మీద స్వారీ చేసినవాడే. తర్వాత ఇంగ్లండ్‌కు అమ్మేశారు. 1963 మార్చిలో, ఆరేళ్ల వయసుకే మిల్ హౌస్ గోల్డ్ కప్ గెలిచింది. అదే చెల్టెన్‌హామ్‌లో అవే రోజుల్లో ఆర్కిల్ గెలిచింది కొత్త గుర్రాల పందెం. మీ బ్యాచ్‌లో ఒకడికి ఫైనలియర్‌లోనే పెద్ద కంపెనీ ఆఫర్ లెటర్ వచ్చి, మీరింకా నాచారంలో వాకిన్ ఇంటర్వ్యూకు ఫైల్ పట్టుకుని లైన్లో ఉన్నారనుకోండి, అలా ఉంది పరిస్థితి. ఇంగ్లండ్ పత్రికలు మిల్ హౌస్‌ను ఆ తరానికే మొనగాడని తేల్చేశాయి.

1963 నవంబరులో న్యూబరీలో రెండూ మొదటిసారి ఎదురుపడ్డాయి. మిల్ హౌస్ గెలిచింది. ఆర్కిల్ మూడో స్థానం. లెక్క తేలిపోయిందన్నారు అందరూ. గ్రీనోగ్‌లో మాత్రం తేలలేదు. చివరి నుంచి మూడో కంచె దూకి దిగుతుండగా ఆర్కిల్ కాలు జారింది. మసక వెలుతురులో స్టాండ్స్‌లో ఉన్న చాలామంది చూడలేదు. వీపు మీద ఉన్న టాఫ్‌కు తెలుసు. ఓటమిని చదవడం కూడా అంచనాలో భాగమే. శక్తి చాలక ఓడిందా, అడుగు జారి ఓడిందా? పట్టికలో రెండూ ఒకే అంకెగా కనిపిస్తాయి. మీ మార్కుల మెమోలో కూడా అంతే. డ్రేపర్ శాలలో అంకె చూడలేదు, అడుగు చూశారు.

1964 మార్చి 7. గోల్డ్ కప్. పోటీలో నాలుగే గుర్రాలు, నిజానికి రెండే. మిల్ హౌస్ మొదటి నుంచీ ముందు. ఆర్కిల్ వెనకే. చివరి మలుపు దాటాక పక్కకు వచ్చి, చివరి కంచెకు ముందే దాటి, ఐదు గుర్రాల నిడివి తేడాతో గెలిచింది. మరుసటి ఏడాది అదే పందెంలో మిల్ హౌస్ మీద తేడా 20 నిడివిలు. 1966లో, దారిలో ఒక కంచెను ఛాతీతో గుద్దుకుని కూడా, 30 నిడివిల తేడాతో మూడో గోల్డ్ కప్. పాపం మిల్ హౌస్, వేరే ఏ ఏడాది పుట్టినా రాజయ్యేది. దాని కథ అక్కడితో ముగియలేదు లెండి. 1967లో విట్‌బ్రెడ్ గోల్డ్ కప్ గెలిచి అభిమానుల కళ్లు చెమర్చేలా చేసింది.

ఐర్లండ్‌లో హ్యాండిక్యాప్ లెక్కలు వేసేవాళ్లకు పెద్ద చిక్కొచ్చిపడింది. ఆర్కిల్‌కు తగినంత బరువు పెడితే నిబంధనల ప్రకారం మిగతా గుర్రాలన్నీ అట్టడుగు బరువు దగ్గరే గుమిగూడేవి. దాంతో ఏకంగా నిబంధనే మార్చారు. ఒకే పందేనికి రెండు బరువుల పట్టికలు, ఆర్కిల్ వస్తే ఒకటి, రాకపోతే ఒకటి. ఒక గుర్రం కోసం రూల్ బుక్ తిరగరాయడం మాటలా?

అయినా డ్రేపర్ తన కొలబద్దను వదల్లేదు. ఆర్కిల్ పెద్దదా, ప్రిన్స్ రీజెంట్ పెద్దదా అని ఎవరడిగినా చాలాకాలం పాత గుర్రం వైపే మొగ్గాడు. ఆర్కిల్ గెలుపు మీద గెలుపు పేర్చుకుంటూ పోయాక గానీ ఒప్పుకోలేదు. ఇది మొండితనం అనేవాళ్లున్నారు. నాకు అలా అనిపించదు. యుద్ధం వల్ల లోకం చూడకుండా పోయిన గుర్రానికి సాక్షి ఆయనొక్కడే. ఆ సాక్ష్యాన్ని తేలిగ్గా వదులుకోవడం ఆయనకు ఇష్టం లేకపోయింది.

ఓపిక గురించి ఒక మాట ఇక్కడే అనాలి, లేకపోతే అబద్ధం చెప్పినట్టవుతుంది. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు. ఆర్కిల్ నాలుగేళ్లపాటు తీరిగ్గా ఎదిగిందంటే, ఆ నాలుగేళ్ల ఖర్చూ భరించే డచెస్ ఉంది. ఇంట్లో ఎడ్యుకేషన్ లోన్ కిస్తీ వచ్చే నెల మొదలవుతుంటే, నిదానమే ప్రధానమని మీకు ఎవరైనా చెబితే ఒళ్లు మండుతుంది, మండాలి కూడా. ఆ రోజుల్లోనూ స్తోమత లేని యజమానుల గుర్రాలు ఆరేళ్లు రాకముందే అమ్ముడుపోయేవి, లేదా తొందరపెట్టి పరిగెత్తిస్తే కాళ్లు పోగొట్టుకునేవి. వాటిలో ఇంకో ఆర్కిల్ ఉండేదేమో, ఎవరు చూశారు? డ్రేపర్‌కు దొరికిన గొప్ప అదృష్టం మంచి గుర్రాలు మాత్రమే కాదు, వేచి ఉండగల యజమానులు కూడా. ర్యాంక్ అయినా, డచెస్ అయినా. డచెస్ ఇంకో పని కూడా చేసింది. ఎంతమంది అడిగినా ఆర్కిల్‌ను లివర్‌పూల్ గ్రాండ్ నేషనల్‌కు పంపలేదు. ఆ పెద్ద కంచెల దగ్గర, అంత గుంపులో, దానికి ఏమైనా అవుతుందన్న భయం.

ఆర్కిల్ వెలుగుతున్న రోజుల్లోనే అదే శాలలో ఇంకొకటి తయారవుతోంది, ఫ్లయింగ్‌బోల్ట్. ఆర్కిల్ కంటే రెండేళ్లు చిన్నది. 1966లో చెల్టెన్‌హామ్‌లో రెండు మైళ్ల చాంపియన్ చేజ్ గెలిచి, మరుసటి రోజే చాంపియన్ హర్డిల్‌లో మూడో స్థానం తెచ్చుకుంది. కొన్ని వారాల్లో 79 కిలోలు మోస్తూ ఐరిష్ గ్రాండ్ నేషనల్ గెలిచింది. గుర్రాలకు అంకెలు వేసే టైమ్‌ఫామ్ సంస్థ కంచెల పందేల చరిత్రలో ఆర్కిల్‌కు ఇచ్చిన రేటింగ్ 212. రెండో స్థానం ఫ్లయింగ్‌బోల్ట్‌ది, 210. చరిత్రలో మొదటి రెండు గుర్రాలూ ఒకే కాలంలో ఒకే రైతు శాలలో పక్కపక్కన దాణా తిన్నాయి. వాటిని ఒక్క పందెంలో కూడా డ్రేపర్ ఎదురెదురుగా నిలబెట్టలేదు. ఒకసారి సాధనలో పక్కపక్కనే దూకించినప్పుడు రెండూ పంతానికి పోయి కంచెల మీదికి ఉరికాయని, ఆ తర్వాత ఆయన ఆ పని మళ్లీ చేయనివ్వలేదని చెబుతారు. ఎవరు గొప్పో తెలుసుకోవాలన్న ఉబలాటం ఊరంతటికీ ఉంది. తెలుసుకోవడానికి ఒక గుర్రాన్ని బలిపెట్టాల్సి వస్తే తెలియకపోయినా ఫర్వాలేదన్నది ఆయన లెక్క.

ఫ్లయింగ్‌బోల్ట్ కథ మాత్రం బాగా ముగియలేదు. ఐరిష్ గ్రాండ్ నేషనల్ తర్వాత బ్రుసెల్లోసిస్ సోకింది, పశువుల్లో కనిపించే జబ్బు. ఏడేళ్ల వయసులో, ఇక ముందంతా తనదే అనుకున్నప్పుడు పడిపోయింది. తర్వాత కోలుకుని పరిగెత్తింది గానీ పాత గుర్రం కాదు. అంచనా ఎంత సరైనదైనా ఒంట్లోకి దూరే క్రిమికి అంచనాలతో పనిలేదు.

1966 ఆర్కిల్‌కు కూడా ఆఖరి ఏడాదే అయింది. నవంబరులో న్యూబరీలో ఒక గుర్రానికి 35 పౌండ్లు, అంటే దాదాపు 16 కిలోలు ఎక్కువ మోస్తూ అర నిడివి తేడాతో ఓడింది. డిసెంబరు 27న కెంప్టన్‌లో కింగ్ జార్జ్ పందెం. చివరిదాకా ముందుంది, చివర్లో డోర్మంట్ అనే గుర్రం దాటేసింది. రెండో స్థానం. పందెం అయ్యాక తెలిసింది, ముందు కాలి గిట్ట లోపలి ఎముక విరిగిందని. విరిగిన కాలితోనే ఆ చివరి కంచెలు దూకింది. కాలికి కట్టు కట్టి కెంప్టన్‌లోనే వారాల తరబడి ఉంచారు. ప్రపంచం నలుమూలల నుంచీ దానికి ఉత్తరాలు వచ్చాయి.

ఎముక అతుక్కుంది. గ్రీనోగ్‌కు వచ్చింది. మళ్లీ పరిగెడుతుందా? 1967 అంతా ఐర్లండ్ ఈ ఒక్క ప్రశ్నతో గడిపింది. డ్రేపర్ జీవితంలో వేసిన అంచనాలన్నిటిలో కష్టమైనది ఇదే అయి ఉంటుంది. మూడేళ్ల పిల్ల ఏమవుతుందో చెప్పడం ఒక ఎత్తు. 27 పందేలు గెలిచిన గుర్రం ఇక చాలు అని చెప్పడం ఇంకో ఎత్తు. నెమ్మదిగా కదిలించి చూశారు. నడక బాగానే ఉంది, కానీ పాత ఆర్కిల్ కాదు. 1968లో విశ్రాంతి ప్రకటించారు. మొత్తం 35 పందేలు, 27 గెలుపులు. అది మరో పందెం ఓడిపోవడాన్ని ఎవరూ చూడలేదు. కీళ్ల బాధ ముదిరి, నొప్పి భరించలేని స్థితికి వచ్చాక 1970 మే 31న దాన్ని శాశ్వత నిద్రలోకి పంపారు. పదమూడేళ్లు. ఇప్పుడు దాని అస్థిపంజరం కిల్డేర్‌లోని ఐరిష్ నేషనల్ స్టడ్ మ్యూజియంలో నిలబడి ఉంది. ఎముక ఎలా ఉండాలో చూసి నేర్చుకోవాలనుకునేవాళ్లు అక్కడికి వెళ్తారు.

డ్రేపర్ మాత్రం ఆర్కిల్‌తో ఆగిపోలేదు. 1960 నుంచి 1966 వరకు వరసగా ఏడేళ్లు ఐరిష్ గ్రాండ్ నేషనల్ ఆయన శాలదే, ఏడు వేర్వేరు గుర్రాలతో. ఒలింపియా, ఫోర్ట్రియా, కెర్ఫోరో, లాస్ట్ లింక్, ఆర్కిల్, స్ప్లాష్, ఫ్లయింగ్‌బోల్ట్. ఒక్క మహా గుర్రం దొరకడం అదృష్టమని కొట్టిపారేయొచ్చు. ఏడు దొరకడాన్ని ఏమంటారు? అంతకుముందు గెలిచినవి కలిపితే ఆ పందెం మొత్తం పదిసార్లు. 1968లో ఫోర్ట్ లెనీ గోల్డ్ కప్ తెచ్చింది. అప్పటికి దానికి పదేళ్లు. డ్రేపర్‌కు ఐదో గోల్డ్ కప్ అది.

ఇన్ని గెలిచినా ఆయన పొలం మానలేదు. పశువులు మేస్తూనే ఉన్నాయి. మాట తక్కువ మనిషి, తన గురించి చెప్పుకోవడం అసలే తక్కువ. ఆరోగ్యం దెబ్బతినడంతో 1970ల మొదట్లో శాలను కొడుకు జిమ్ చేతిలో పెట్టాడు. గ్రీనోగ్ అదే, గుర్రాలను తొందరపెట్టని పద్ధతి అదే. 1975 మార్చిలో జిమ్ తయారుచేసిన టెన్ అప్ గోల్డ్ కప్ గెలిచింది, యజమాని మళ్లీ ఆ వెస్ట్‌మిన్‌స్టర్ డచెస్సే. టామ్ డ్రేపర్ ఆ తర్వాతి నెల, ఏప్రిల్‌లో కన్నుమూశాడు. ఆ వసంతంలోనే జిమ్ గుర్రం బ్రౌన్ ల్యాడ్ ఐరిష్ గ్రాండ్ నేషనల్ గెలిచింది. 1976లో మళ్లీ గెలిచింది. 1978లో, పన్నెండేళ్ల వయసులో, మూడోసారి.